సున్నపు గీతల్లో గంట కాపురం

పన్నెండు లోపు ఓనరుకు ఫోన్ చేసి అవునో కాదో చెప్పెయ్యాలి. డ్రైవరు గడియారం చూసుకున్నాడు. పదిన్నర.

ఇరవై ఏళ్లుగా అతను దూరపు లోడ్లు తోలుతున్నాడు. నెలలో ఇరవై అయిదు రోజులు రోడ్డు మీదే. ఇప్పుడు ఊళ్లోని యార్డులోనే ఒక మనిషి కావాలన్నాడు ఓనరు. వచ్చే బళ్లు దింపించాలి, పోయే బళ్లు పంపించాలి, సాయంత్రం ఆరింటికి ఇంటికి పోవాలి. జీతం మాత్రం తగ్గుతుంది. కాదంటే ఆ కుర్చీకి ఇంకొకడు కాచుకుని ఉన్నాడు.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే ఉండమంటారు. మాటవరసకి ఉండమనడానికీ, మనసారా ఉండమనడానికీ తేడా ఎలా తెలుస్తుంది? కళ్లారా చూసి తేల్చుకుందామనుకున్నాడు. అందుకు ఇవాళ్టికి మించిన రోజు లేదు. ఇవాళ సొంత ఇంటికి గీతలు గీస్తున్నారు.

స్థలం వెడల్పు పదిహేను అడుగులు, పొడవు యాభై. అటూ ఇటూ పక్కవాళ్ల గోడలు. లారీని వెనక్కి నడిపి లోపల నిలబెడితే రెండు వైపులా మూడున్నరేసి అడుగులు మిగులుతాయని అతను చూడగానే లెక్కకట్టాడు. అత్తగారు మాత్రం మొదటిరోజే అడిగేసింది: "స్థలం కొన్నారా, సందు కొన్నారా అల్లుడుగారూ?"

ఇల్లు కట్టేది కాపురం మేస్త్రీ. ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన కాగితాన్ని నమ్మడు. సున్నపు పొడితో ఇంటిని అసలు కొలతల్లో నేలమీద గీసి, ఇంటిల్లిపాదినీ అందులోకి దింపి గంటసేపు కాపురం చేయిస్తాడు. ఆయన 'ఆరయింది' అంటే అందరూ లేవాలి, 'ఏడయింది' అంటే పొయ్యి వెలగాలి. ఎవరి మోచెయ్యి ఏ గోడకు కొట్టుకుందో, ఎవరు ఎవరికి అడ్డం పడ్డారో చూసి గీతలు జరుపుతాడు. ఆ తర్వాతే గునపం.

"కాగితం మీదైతే వంటింట్లో ఏనుగు కూడా పడుతుంది" అంటాడు.

రెండు వారాలుగా భార్య, పిల్లలు మేస్త్రీతో మాట్లాడి గీయించిన ఇల్లు అది. డ్రైవరు చూడడం ఇదే మొదలు. ముందు హాలు, మధ్యలో ఒక గది, దాని పక్కనే మూడడుగుల వెడల్పున మెట్లు, వెనక వంటిల్లు. గోడలంటే తెల్లటి గీతలే. ఇంటినుంచి మోసుకొచ్చిన కుట్టుమిషను, రెండు స్టూళ్లు, ఒక బక్కెట్టు లోపల సర్ది ఉన్నాయి.

"ఆరయింది!" అని అరిచాడు మేస్త్రీ.

ఇల్లు లేచింది. భార్య వంటింట్లోకి నడిచింది. అత్తగారు హాల్లో నడుం పట్టుకుని లేచి, లేని తలుపు తీసింది. చిన్నమ్మాయి బక్కెట్టు దగ్గరికి పరుగెత్తింది. పెద్దమ్మాయి పుస్తకం పట్టుకుని మూడో మెట్టు మీద, అంటే ఉత్త నేలమీద, కాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. గడియారంలో ముళ్లలా ఎవరి దారిన వాళ్లు తిరుగుతున్నారు.

డ్రైవరు వీధిలో నిలబడి చూస్తున్నాడు. లోపలికి వెళ్లాలనిపించింది. వెళ్లాడు.

"నాన్నా! గోడలోంచి వచ్చేశావ్!" చిన్నమ్మాయి పకపకా నవ్వింది.

"దొంగలు కూడా తలుపు వెతుక్కుంటారు అల్లుడుగారూ" అంది అత్తగారు.

అతను నవ్వేసి బయటికి పోయి, తలుపులోంచి వచ్చాడు. వచ్చాక ఏం చెయ్యాలో తోచలేదు. వంటింటి గుమ్మంలో నిలబడితే భార్యకు అడ్డం. పక్కకు జరిగితే చిన్నదానికి అడ్డం. "పాలు ఇమ్మంటావా?" అని పెద్దమ్మాయిని అడిగాడు.

"నేను పాలు మానేసి మూడేళ్లయింది నాన్నా."

ఎంత ఇరుకు సందులోనైనా అద్దం గీసుకోకుండా లారీ తిప్పగలడని పేరు అతనికి. సున్నపు గీతల మధ్య మాత్రం ఎటు తిరిగినా ఎవరో ఒకరు తగులుతున్నారు.

మేస్త్రీ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. "ఆగండి. మంచాలు లెక్కేస్తున్నా. హాల్లో పెద్దమ్మగారు, పెద్దపాప. గదిలో మీరూ, చిన్నపాప. మరి ఈయన?"

చిన్నమ్మాయి వేళ్లు మడిచి లెక్క చూసుకుంది.

"ఆయన హాల్లోనే, తలుపు పక్కన. చాప పరుస్తాం" అంది భార్య. "ఆయనకి అక్కడే అలవాటు."

తప్పు ఆమెది కాదు. ఆ అలవాటు చేసింది అతనే. తెల్లవారుజామున నాలుగింటికి బండెక్కాలి. పిల్లల నిద్ర పాడవుతుందని గుమ్మం పక్కన పడుకునేవాడు. చెప్పులు బయటే వదిలేవాడు. దీపం వేయకుండా వెళ్లిపోయేవాడు. ఇన్నేళ్లూ తను వచ్చిన సందడి, వెళ్లిన చప్పుడు తెలియకుండా జాగ్రత్తపడ్డాడు. ఇంత బాగా నేర్పాక వాళ్లు నేర్చుకోకుండా ఉంటారా? నలుగురికి ఇల్లు గీసుకున్నారు.

"అవును, అక్కడే అలవాటు" అన్నాడు. టైము చూశాడు. పదకొండుంబావు. జేబులో ఫోను బరువెక్కింది. ఇక తేలిపోయినట్టే. ఓనరుకు కాదని చెప్పేసి, రేపటి లోడు ఎక్కించుకోవడమే.

"సాయంత్రం ఏడు!" అన్నాడు మేస్త్రీ.

భార్య గదిలోకి వచ్చి మిషను ముందు కూర్చుంది. కూర్చోబోతూ మిషనును గోడ గీత నుంచి ఇవతలికి లాగింది. మేస్త్రీ చటుక్కున వంగి టేపు పరిచాడు.

"అమ్మా, గోడకి ఆనించొచ్చుగా? పదిహేనడుగుల ఇంట్లో అడుగున్నర ఊరికే పారబోస్తున్నారు."

"అది ఉండనివ్వండి."

"ఎందుకండీ?"

ఆమె దారం లేని సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు తల దించుకుంది. హాల్లోంచి అత్తగారే అందుకుంది.

"అక్కడ స్టూలు వేస్తుందయ్యా. ఏడింటికి అల్లుడుగారి ఫోను వస్తుంది. స్టూలు మీద డబ్బాకి ఆనించి పెట్టి, కుట్టుకుంటూ కబుర్లు. ఆ స్టూలు మీద మమ్మల్ని చిన్న గుడ్డముక్క కూడా పెట్టనివ్వదు. అది అల్లుడుగారి కుర్చీ!"

"అమ్మా, నువ్వు ఊరుకో" అంది భార్య. చెవులు ఎర్రబడ్డాయి.

డ్రైవరు ఆ ఖాళీ వైపు చూశాడు. రోజూ ఏడింటికి ఏ పెట్రోలు బంకులోనో, ఏ చెట్టు కిందో బండి ఆపి ఫోన్ చేసేవాడు. తెరమీద ఆమె చెంప, వెనక సున్నం రాలిన గోడ కనిపించేవి. ఆమె పక్కన తనకొక కుర్చీ ఉందని ఎన్నడూ అనుకోలేదు. వెళ్లి ఆ ఖాళీలో కూర్చున్నాడు. ఒక మోకాలు మిషను చక్రానికి తగిలింది, వీపు గోడ గీత దాటి అవతలికి పోయింది.

"ఫోనుకైతే చాలు" అన్నాడు మేస్త్రీ తల గోక్కుంటూ. "మనిషికి చాలదు."

"మనిషికి ఎంత కావాలి?"

"రెండ్రోజులు ఉండి పోయే మనిషికైతే..."

"రోజూ ఉండే మనిషికి?"

మిషను మీద ఆమె చెయ్యి ఆగింది. అతను నేల చూస్తూ యార్డు సంగతి మొత్తం గడగడా చెప్పేశాడు. పన్నెండు లోపు జవాబివ్వాలన్నాడు. జీతం సంగతీ దాచలేదు.

"ఓనరు ఎప్పుడడిగాడు?" అంది భార్య.

"గురువారం."

"మూడ్రోజులు కడుపులో పెట్టుకుని తిరిగారా? మా మొహాలు చూసి ఏం కనిపెట్టాలని? ఉండండి అనే అవకాశం నాకు ఏనాడైనా ఇచ్చారా మీరు? లేచి చూసేసరికి చాప మడిచి ఉండేది."



మేస్త్రీ గదికి అడ్డంగా టేపు పరిచాడు. "గదిలో ఇంకో మంచం పట్టాలంటే ఒకటే దారి. మెట్లు తీసెయ్యాలి. అప్పుడు మూడడుగులు కలుస్తాయి. కానీ మెట్లు లేకపోతే మేడ మీద గది ఇక ఉండదు. తర్వాత వేసుకుందామన్నా చోటుండదు."

అందరూ పెద్దమ్మాయి వైపు చూశారు. మేడ మీద గది ఆమెది. కిటికీ ఎటు ఉండాలో, గోడకు ఏ రంగో రాసి పెట్టుకుంది. అమ్మమ్మ గురక లేకుండా చదువుకునే గది. ఇంకా మూడో మెట్టు మీదే కూర్చుని ఉంది.

"వద్దులేమ్మా" అన్నాడు డ్రైవరు గబగబా. "నువ్వు చదువుకోవాలి. నాకు చాప చాలు."

"రోజూ అంటే... ఆదివారం కూడానా?" అడిగింది పెద్దమ్మాయి.

"ఆదివారం కూడా."

"నాకు అలవాటు లేదు నాన్నా." కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పింది. "నువ్వు ఇంట్లో ఉంటే చుట్టాలొచ్చినట్టుంటుంది నాకు. ఎక్కడ కూర్చోవాలో తెలీదు."

"నాకూ తెలీదు" అన్నాడు అతను.

ఆమె కాసేపు పుస్తకం అట్ట గీరుతూ కూర్చుంది. తర్వాత లేచింది. గీతలు దాటి పక్కకు రావచ్చు, రాలేదు. మూడో మెట్టు, రెండో మెట్టు, మొదటి మెట్టు అంటూ ఒక్కొక్క గీతనే చూసుకుంటూ దిగింది. కిందికి వచ్చాక వెనక్కి తిరిగి, కాలితో ఆ గీతల్ని చెరపడం మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకుంటే చెంపకు సున్నం అంటుకుంది.

"పరీక్షలప్పుడు హాలు నాది" అంది. "టీవీ పెడితే ఊరుకోను."

"పెట్టను."

డ్రైవరు ఓనరుకు ఫోన్ చేశాడు. పన్నెండుకు ఇంకా పది నిమిషాలుంది. "యార్డుకే వస్తాను" అన్నాడు. రెండు ముక్కలే.

"మంచం కొలత చెప్పండి" అన్నాడు మేస్త్రీ. "మీ పొడుగెంత?"

డ్రైవరు భార్య వైపు చూశాడు. భార్య కూతురి వైపు చూసింది. ఎవరికీ తెలియదు.

"అయితే పడుకోండి."

అతను మట్టిలో వెల్లకిలా పడుకున్నాడు. పెద్దమ్మాయి పిడికిట్లో సున్నం పట్టుకుని అతని తలకు పైన మొదలుపెట్టి, భుజం పక్కనుంచి కాళ్ల దాకా సన్నగా పోసుకుంటూ వెళ్లింది.

"శవం చుట్టూ పోలీసులు గీసినట్టుంది" అంది అత్తగారు. "కాస్త కదలండి అల్లుడుగారూ, భయమేస్తోంది!"

చిన్నమ్మాయి పడీపడీ నవ్వుతోంది. భార్య మిషను వదిలి వచ్చి అతని తల దగ్గర నిలబడింది. ఆమె నీడ అతని మొహం మీద పడింది.

"అయిపోయింది నాన్నా, లే" అంది పెద్దమ్మాయి.

"కొంచెం సేపాగమ్మా" అన్నాడు అతను, కళ్లు మూసుకుని.