వేడైతే చెయ్యెత్తు

నారాయణపేటలో పట్టునూలుకు రంగులద్దే హనుమంతు నోట్లో గట్టిగా నమిలే పన్ను ఒక్కటే మిగిలింది. అదీ కుడివైపున. అరవై దాటిన మనిషికి మెత్తటి అన్నం చాలదా అని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్లు మండుకొస్తుంది. ఆయనకు జొన్నరొట్టె కావాలి. అది కూడా అంచులు కరకరలాడాలి, పక్కన పచ్చిమిరపకాయ తొక్కు ఉండాలి. రొట్టెను పాలలో నానేసుకుని తినేవాళ్లను చూసి ఆయన ఇన్నాళ్లూ జాలిపడుతూ వచ్చాడు. ఇప్పుడు సరిగ్గా ఆ ఒంటరి పన్నుకే పురుగు పట్టింది.

మొదట లవంగం పెట్టాడు. తర్వాత ఉప్పునీళ్లు పుక్కిలించాడు. ఆ తర్వాత పన్నును పట్టించుకోవడమే మానేశాడు. అదైనా పనిచేసేదేమో గానీ, ఒకరోజు కుండలో నీళ్లు తాగి మొగుడు గుంజ పట్టుకుని నిలబడిపోవడం రంగుల పనిలో ఆయనతోపాటే ఉండే భార్య వెంకటనర్సమ్మ కంట పడింది. నారాయణపేట జిల్లా అయ్యాక బజారులో కొత్త బోర్డులు చాలా లేచాయి, అందులో ఒకటి పళ్ల దవాఖానది. పని ఆపించి, చేతులు కడిగించి, ఆమె ఆయన్ను అక్కడికి నడిపించుకుపోయింది. కడిగినా చేతులు నీలంగానే ఉన్నాయి. ఆ వారమంతా నెమలికంఠం రంగే పని.

డాక్టరు సుహాసిని భువనగిరి పిల్ల. చదువు పూర్తయి మూడేళ్లయింది. నోట్లో చిన్న అద్దం పెట్టి చూసింది, పన్నుకు ఫోటో తీసింది, తర్వాత మాస్కు కిందికి లాగి విషయం చెప్పింది.

"గుంత లోతుగ పోయింది పెదనాయినా. కానీ నరం ఇంక బతికే ఉంది. సాఫ్ చేసి మందు నింపుత. ఆ మందు మెత్తగుంటది, గీ నీలం లైటు పడితే గట్టిపడతది. గట్టిపడేటప్పుడు వేడి పుడతది. లైటు వేడి వేరే. మీ గుంత అడుక్కు, నరానికి నడుమ గోరు మందం గూడ లేదు. వేడెక్కువైతే నరం సస్తది."

"సస్తే ఏమైతది?"

"నరం తీసెయ్యాలె. పన్ను గోడలు మొదలే పల్చగున్నయి. ఇగ రొట్టె కొరికితే ఎన్నొద్దులు ఆగుతదో నేను చెప్పలేను."

రొట్టె సంగతి ఈ పిల్లకు ఎవరు చెప్పారా అని హనుమంతు పక్కకు చూశాడు. స్టూలు మీద కూర్చున్న వెంకటనర్సమ్మ గోడకున్న క్యాలెండరును శ్రద్ధగా చదువుతోంది. ఆమెకు చదువు రాదు.

మొద్దుబారే సూది ఇస్తానంది డాక్టరు. నాకు సూదెందుకన్నాడు హనుమంతు. ఆమె కాస్త ఆలోచించి సరేనంది.

"ఒక తీరుగ మంచిదే. వేడి తగిలితే పన్నే చెప్తది. మీరు నోరు తెర్సి ఉంటరు, మాట్లాడరాదు. జర వేడనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తుండ్రి, ఆపేస్త. ఓర్సుకోవద్దు."

ఆమె పాపం తెలియక చెప్పింది. రంగుల కొట్టంలో ఒక రివాజు ఉంది. రంగు కలిపే ముందు కాగులో నీళ్ల వేడి చేత్తోనే చూస్తారు. ఒక్కొక్కరూ వంతులవారీగా చెయ్యి ముంచాలి, పది లెక్కపెట్టేలోగా తీసినవాడు అందరికీ చాయ్ తాపాలి. పని నేర్పిన దుర్గయ్య కాలం నుంచీ ఇదే నడుస్తోంది. దుర్గయ్య తాపాడు, తోటి పనివాడు జంగయ్య తాపాడు, కొత్తగా వచ్చినవాళ్లయితే వారానికి రెండుసార్లు తాపారు. నలభై ఏళ్లలో హనుమంతు మాత్రం ఒక్కసారి కూడా తాపలేదు. ఊళ్లో ఆయనకున్న పేరంతా ఆ చేతిదే.

విచిత్రం ఏమిటంటే, పట్టు దగ్గర ఆయనంత సుకుమారంగా ఉండేవాడు ఇంకొకడు లేడు. నీళ్లు తెర్లి మరిగితే పట్టు మెరుపు పోతుందని, నూలును ఒకసారి ముంచి, లేపి, కాస్త ఊపిరి తీసుకోనిచ్చి మళ్లీ ముంచుతాడు. తొందరపడే కుర్రాళ్లను తిడతాడు. తన ఒంట్లో కూడా అంత నాజూకుది ఏదైనా ఉండొచ్చన్న ఆలోచన మాత్రం ఆయనకు ఎన్నడూ రాలేదు.

డాక్టరు గుంత శుభ్రం చేసి, అడుగున మొదటి పొర మందు పెట్టి, నారింజరంగు అద్దం అడ్డుపెట్టుకుని లైటు వేసింది. మొదట ఏమీ లేదు. తర్వాత గోరువెచ్చగా అనిపించింది. ఆ తర్వాత పన్ను అడుగున ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది. హనుమంతు ఎడమ చెయ్యి పొట్ట మీద హాయిగా పడి ఉంది. రొట్టె, నరం, డాక్టరు చెప్పిన మాటలు, ఏవీ ఆయనకు గుర్తు లేవు. ఆయన లోపల లెక్కపెడుతున్నాడు. ఆరు, ఏడు.

"ఆపు బిడ్డా," అంది వెంకటనర్సమ్మ.

డాక్టరు వెంటనే లైటు ఆపి, పన్ను మీదికి చల్లగాలి ఊదింది. "ఏమైంది పెద్దమ్మా?"

"ఆయనకు కాలుతాంది."

"చెయ్యి ఎత్తలేదు గదా."

"చెయ్యెందుకెత్తుతడు. కాలి బొటనవేలు చూడు, పక్కవేలు మీదికెక్కింది. కాగు కాడ కాలినప్పుడల్ల గట్లనే ఎక్కుతది. అది చూసి, నీళ్లు తగ్గినయని చెప్పి నేనొక చెంబు సల్లనీళ్లు పోస్త. లేకుంటే ఆ చేతులు ఇన్నొద్దులు ఉంటుండెనా."

హనుమంతు నలభై ఏళ్ల పేరు ఒక చెంబు నీళ్లలో కొట్టుకుపోయింది. అదీ పరాయి పిల్ల ముందు. డాక్టరు కళ్లు మాస్కు పైనుంచి నవ్వాయి. కానీ వెంటనే పనిలో పడి, స్టూలు జరిపించి వెంకటనర్సమ్మను కాళ్ల దగ్గర కూర్చోబెట్టింది. ఇక నుంచి మందు పల్చటి పొరలుగా పెట్టడం, అయిదు సెకన్లు లైటు వేయడం, గాలి ఊది ఇరవై లెక్కపెట్టి మళ్లీ వేయడం. తాను పట్టుకు ఊపిరి తీసుకోనిచ్చే తీరులాంటి ఆ లెక్క విని హనుమంతు ఏమనుకున్నాడో గానీ, ఆయన భుజాలు కిందికి దిగాయి.

"మొదటి పొరకు జర ఎక్కువనే తగిలింది," అంది డాక్టరు చివర్లో. "మూడు వారాలు చూద్దాం. సల్లనిది తగిలినప్పుడు జివ్వుమని పోతే ఫికర్ లేదు. పోకుండ గుంజుతనే ఉంటే నరం దెబ్బతిన్నట్టు. అప్పటిదాక రొట్టె బంద్."

ఇల్లు దగ్గరపడ్డాక హనుమంతు అడిగాడు.

"ఎన్నిసార్లు పోసినవ్?"

"లెక్కపెట్టలే," అంది ఆమె.

ఆ మూడు వారాలూ హనుమంతు పాలలో నానేసిన రొట్టె తిన్నాడు, ఎవరి కంటా పడకుండా లోపలి అర్రలో. రోజూ పొద్దున్నే ఒక గుక్క చల్లనీళ్లు పన్ను మీద పోసుకుని లెక్కపెట్టేవాడు. మొదటి వారం నొప్పి పదిహేను దాకా గుంజింది, ఆయనకు నిజంగానే భయం వేసింది. రెండో వారానికి ఆరుకు దిగింది. మూడో వారం రెండు అనేలోపే పోయింది.

మళ్లీ దవాఖానకు వెళ్లి ఈ లెక్కలన్నీ ఉన్నదున్నట్టు చెప్పాడు. అబద్ధమాడే వీలు లేదు, సాక్షి పక్కనే ఉంది. డాక్టరు చల్లటి దూదిని పన్నుకు ఆనించి చూసి, "నరం మంచిగుంది. పొయి రొట్టె తినుండ్రి," అంది.

వెంకటనర్సమ్మ నోరారా నవ్వింది. ఆ నవ్వులోనే డాక్టరుకు ఏదో కనిపించింది. ఆమెను వెలుతురు వైపు తిప్పి దవడ కింద వేలు పెట్టి చూసింది.

"పెద్దమ్మా, గీ పన్ను ఎన్నొద్దుల సంది నొస్తాంది?"

"యాడాదైతుండొచ్చు."

"నాకు చెప్పలే," అన్నాడు హనుమంతు.

"నువ్వు అడగలే." ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు, అందుకే ఆయనకు ఎక్కువ తగిలింది.

ఈసారి కుర్చీలో ఆమె పడుకుంది. సూది తనకూ వద్దంది. గుంత ఇదీ లోతైనదే. డాక్టరు వేడైతే చెయ్యెత్తమని ఆమెకూ చెప్పి, మందు పెట్టి లైటు వేసింది. ఎవరూ చెప్పకుండానే హనుమంతు పోయి కాళ్ల దగ్గర నిలబడ్డాడు.

బొటనవేలు చూశాడు. తిన్నగానే ఉంది. చేతివేళ్లు చూశాడు, కదల్లేదు. నొసలు ముడిపడలేదు, గాజులు చప్పుడు కాలేదు. నలభై ఏళ్లు అదే కాగు దగ్గర, అదే వేడినీళ్లలో ఆమె చేతులూ ఉన్నాయి. కాలినప్పుడు ఈ మనిషికి అది ఎక్కడ కనపడుతుందో ఆయనకు తెలియదు. ఏనాడూ చూడలేదు. హనుమంతుకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా దుఃఖం వచ్చింది.

"ఆపు బిడ్డా," అన్నాడు.

డాక్టరు లైటు తీసేసింది. "ఏం కనవడ్డది పెదనాయినా?"

"ఏం కనవడలే. అందుకే ఆపమన్న."

డాక్టరు వెంకటనర్సమ్మ వైపు చూసింది. ఆమె నోరు తెరిచే ఉంచి, కాలుతోందన్నట్టు మెల్లగా తల ఊపింది. డాక్టరు గాలి ఊదడం మొదలుపెట్టింది. హనుమంతు భార్య పాదం మీద చెయ్యి వేసి, పైకే ఇరవై దాకా లెక్కపెట్టాడు.