నలభై ఒకటో నెంబరు గౌను

పాత పిచ్చాసుపత్రిని కూలగొట్టడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఈలోగా అక్కడ బతికినవాళ్ళ జ్ఞాపకాలు పోగుచేసి దాచాలని మ్యూజియంవాళ్ళు ఒక అమ్మాయిని పంపారు. ఆ అమ్మాయి మందుల గదిలో బల్ల వేసుకుని, రికార్డరు పెట్టుకుని, వచ్చినవాళ్ళకల్లా బిస్కెట్లు ఇచ్చి మాట్లాడిస్తోంది. ఆసుపత్రి నడిచినన్నాళ్ళూ ఆ గదిలో ఒక్క డాక్టరూ ఎవరికీ బిస్కెట్టు పెట్టిన పాపాన పోలేదు.

కండక్టరమ్మ అక్కడికి జ్ఞాపకాలు ఇవ్వడానికి రాలేదు, అడిగి పుచ్చుకోవడానికి వచ్చింది. ముప్పై రెండేళ్ళు బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. ఆవిడకు మూడేళ్ళప్పుడు తల్లిని ఇక్కడ చేర్చారు. ఏడేళ్ళ తర్వాత తల్లి ఇక్కడే పోయింది. పిల్లల్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. ఇంట్లో ఫొటో కూడా లేదు. ఉన్నదల్లా పోయినట్టు రాసిచ్చిన కాగితం. అందులో లేనిది, అమ్మదైనది, ఒక్క ముక్క కావాలి ఆవిడకు.

వెంట పిన్ని వచ్చింది. తల్లికి చెల్లెలు, కండక్టరమ్మను పెంచినావిడ. డెబ్భై ఆరేళ్ళకు మోకాళ్ళు రిటైరయ్యాయి గాని నోరు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

"వీళ్ళేం చెప్తారే? మా అక్క నోట్లో నాలుక లేని మనిషి," అంది పిన్ని, రెండో బిస్కెట్టు అందుకుంటూ.

"ఇంటికున్న నాలుకంతా నువ్వే వాడేస్తే ఆవిడకేం మిగుల్తుంది పిన్నీ?"

మ్యూజియం అమ్మాయి నవ్వు ఆపుకుని, ఎదురుగా కూర్చున్న ముసలాయన్ని చూపించింది. ఆసుపత్రి లాండ్రీలో నలభై ఏళ్ళు పనిచేశాడట. అందరూ లాండ్రీ తాత అంటారు.

"నాకు పేర్లు తెలియవమ్మా," అన్నాడు తాత. "నా దగ్గరికి మనుషులు రారు కదా, బట్టలొస్తాయి. ప్రతి గౌను కాలరు వెనకా ఎర్ర దారంతో నెంబరు కుట్టేది నేనే. నెంబరు చెప్పండి, మనిషిని చెప్తాను."

అమ్మాయి ఫైలు చూసింది. "నలభై ఒకటి, తాతగారూ."

తాత మొహం వెలిగిపోయింది. "నలభై ఒకటా! ఆ మహాతల్లా! మా లాండ్రీలోనే పనికి పెట్టారమ్మా ఆవిణ్ణి. ఓసారి పెద్దాఫీసర్లు తనిఖీకి వస్తున్నారని, పెద్ద డాక్టరుగారి బట్టలకి బాగా గంజి పెట్టమన్నారు. ఈవిడ కోటుకి పెట్టలేదు, ప్యాంటుకి పెట్టలేదు. ఉన్న గంజంతా ఆయన డ్రాయరుకి పెట్టింది. పెట్టి ఇస్త్రీ చేసింది. డ్రాయరు కాదమ్మా అది, అట్టపెట్టె! ఆయన వార్డులన్నీ కాళ్ళు ఎడం చేసుకుని తిరిగాడు. కుర్చీ వేస్తే కూర్చోడు. ఆయన కూర్చోలేదని ఆఫీసర్లూ కూర్చోలేదు. మధ్యాహ్నం దాకా అందరూ నిలబడే ఉన్నారు."

కండక్టరమ్మకు నవ్వాగలేదు.

"పొద్దున్నే గుమ్మంలో నిలబడి డాక్టర్లకి హాజరు వేసేది కూడాను. లేటొచ్చినవాణ్ణి బయటే ఆపేది. కొత్తగా చేరిన డాక్టరొకాయన రెండు వారాలు నోరెత్తకుండా నిలబడ్డాడు, ఈవిడే మేట్రననుకుని!"

కండక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఒకసారి టికెట్టు లేదని డిపో మేనేజర్నే నడిరోడ్డు మీద దింపేసింది తను. ఇదెవరి పోలికే అని ఇంటిల్లిపాదీ ముక్కున వేలేసుకున్నారు. ఇదిగో, ఈవిడ పోలిక. యాభై ఎనిమిదేళ్ళకు మొదటిసారి అమ్మ చెయ్యి భుజం మీద పడినట్టయింది.

పిన్ని మాత్రం నవ్వలేదు. "ఏమయ్యా, ఏ డాక్టరు సంగతి నువ్వు చెప్పేది?"

"ఈల డాక్టరుగారు. ఎప్పుడూ ఈల వేస్తూ తిరిగేవాడు. సన్నగా, పొడుగ్గా."

పిన్ని చేతిలోని బిస్కెట్టు బల్ల మీద పెట్టేసింది. "అక్క పోయినప్పుడు నాకు కాగితం ఇచ్చినాయన లావుపాటి మనిషి. కలం కింద పడితే వంగలేక నా చేత తీయించుకున్నాడు."

"ఆయన పొట్ట డాక్టరుగారు. ఈల డాక్టరుగారికి ముందాయన."



"అంటే..." అంది కండక్టరమ్మ. "అమ్మ పోయాక ఆ నెంబరు..."

"ఇంకొకావిడకి ఇచ్చాం. మనిషి పోయిందని గౌన్లు పారేస్తామా అమ్మా? మంచి గట్టి బట్ట," అన్నాడు తాత మామూలుగానే. ఆ తర్వాత తనేమన్నాడో తనకే అర్థమై తల దించుకున్నాడు.

పిన్ని వంగి కండక్టరమ్మ చెవిలో చెప్పింది, అవతల గదికి కూడా వినపడేట్టు. "నోరు మూసుకుని ఆ కథ ఉంచేసుకోవే. ఎవరొచ్చి కాదంటారు? ఇందాక నవ్వావు చూడు, నువ్వలా నవ్వి ఎన్నేళ్ళయిందో."

అమ్మాయి కాగితం మీద కలం ఆనించి చూస్తోంది. పైన 'ఎవరి జ్ఞాపకం' అన్న గడి ఖాళీగా ఉంది. అందులో అమ్మ పేరు రాస్తే చాలు. రేపు మ్యూజియానికి వచ్చినవాళ్ళందరూ అమ్మను తలుచుకుని నవ్వుతారు.

"ఆ రెండో ఆవిడ కోసం ఎవరైనా వచ్చారా?" అని అడిగింది కండక్టరమ్మ.

"ఇప్పటిదాకా లేదాంటీ."

కండక్టరమ్మ ఆ గడివంక చాలాసేపు చూసింది. "వచ్చినా రాకపోయినా ఆ డ్రాయరు కథ ఆవిడదే. విడిగా దాచి పెట్టండి." తాతవైపు తిరిగింది. "తాతా, ముందున్న నలభై ఒకటి గుర్తుందా?"

తాత చాలాసేపు తన వేళ్ళు చూసుకున్నాడు. లేదంటాడేమోనని కండక్టరమ్మ కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

"నేనెప్పుడూ చూడలేదమ్మా. మొహమెలా ఉంటుందో కూడా తెలీదు. కానీ ఆ గౌను నన్ను ఏడిపించింది. ప్రతి వారం ఆవిడ కాలరు వెనక నెంబరు పీకేసి పంపేది. చింపేది కాదు. బట్టకి చిల్లు పడకుండా, ఒక్కొక్క కుట్టే విప్పేది. నేను మళ్ళీ కుట్టేవాణ్ణి. మళ్ళీ వారం మళ్ళీ బోడిగా వచ్చేది. అన్నిట్లో నెంబరు లేనిది అదొక్కటే, ఇంకెవరిదవుతుంది? జోడు దారం వేసినా అంతే. ఏడేళ్ళూ అంతే."

"అబద్ధం," అంది పిన్ని. కానీ ఆ మాటలో బలం లేదు.

"వట్టి అబద్ధమైతే నాకు చత్వారం అంత తొందరగా ఎందుకొస్తుందమ్మా? పని ఎక్కువై ఒళ్ళు మండేది. గట్టిగా తిట్టుకునేవాణ్ణి."

"ఏమని?" అంది కండక్టరమ్మ.

"వద్దులే అమ్మా. కుర్రతనం. కన్నకూతురి ముందు..."

"చెప్పండి తాతా. ఈ ఆసుపత్రిలో మా అమ్మ గురించి ఎవరైనా నోరు తెరిచి మాట్లాడింది అదొక్కటే."

తాత అమ్మాయివంక చూశాడు. అమ్మాయి రికార్డరు ఆపాలో వద్దో తెలియక కండక్టరమ్మను చూసింది. కండక్టరమ్మ రికార్డరును తాత ముందుకు జరిపింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"దీని చేతులు పడ! దీని గోళ్ళు ఊడ! మళ్ళీ పీకిందిరా ఇది! నెంబరు లేకపోతే నీ గౌను నీకెలా వస్తుందే పీనుగా? నీకేమైనా రాణీగారని పేరా, ఊరంతా గుర్తుపట్టడానికి?"

"ఏయ్! ఎవర్ని తిడుతున్నావు? మా అక్కనే!" అని పిన్ని చేతికర్ర ఎత్తింది.

కండక్టరమ్మ ఆ కర్రను గాల్లోనే పట్టుకుని, కుర్చీ ఇంకాస్త దగ్గరకు లాక్కుంది.

"ఊఁ," అంది. "ఇంకా?"