పద్నాలుగో ఇంటి వేణ్ణీళ్ళు

తారు రోడ్డు అయిపోయిన చోట బండి ఆపి వీరవెంకటసత్యనారాయణ టైర్లలో గాలి తీస్తున్నాడు. గట్టి టైర్లతో ఎర్రమట్టి రోడ్డు మీద పోతే నడుం విరుగుతుంది. ఆ సంగతి ఆయనకి నేర్పింది ఆ నడుమే. జులై నెల, ఆస్ట్రేలియాలో నడి చలికాలం, ఉదయం ఎనిమిది. ఆలిస్ స్ప్రింగ్స్ వదిలి గంటయింది. ఎడారి అంటే ఎండే అనుకునేవాళ్ళని తెచ్చి ఇక్కడ ఈ వేళప్పుడు నిలబెట్టాలి. ఇనుము ముట్టుకుంటే వేలు అంటుకుపోతుంది. నలభై ఏడేళ్ళ మనిషి, పొట్టి, కాస్త బొజ్జ. చేతులు మాత్రం ఎండిన చెట్టు వేళ్ళలాగా సన్నగా గట్టిగా ఉంటాయి. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో పైపు రెంచి కింద నలిగి నల్లబడి అలాగే ఉండిపోయింది. చొక్కా జేబు మీద 'శాట్' అని కుట్టి ఉంది. అంత పేరు పెట్టిన తాతగారు ఉంటే పోట్లాటకి వచ్చేవారు. కంపెనీ వాళ్ళు జేబు అంతే ఉంది, ఏం చెయ్యమంటావన్నారు.

ఆయన పని మారుమూల ఎడారి ఊళ్ళలో పాత వేణ్ణీళ్ళ టాంకులు పీకి కొత్తవి పెట్టడం. పాతవి కరెంటుని మంచినీళ్ళలా తాగేవి. కొత్తవి హీట్ పంపులు, బయటి గాలిలో ఉన్న కాస్త వేడినీ లాగి నీళ్ళకి పట్టిస్తాయి, మూడో వంతు కరెంటు చాలు. ఈ ఊళ్ళలో కరెంటుకి ముందే డబ్బు కట్టి మీటర్లో కార్డు వేసుకోవాలి. కార్డు అయిపోయిందా, ఇల్లు చీకటి. అలాంటి చోట ఇది మంచి పథకమే. పథకాలు ఎప్పుడూ మంచివే, వాటిని మోసుకొచ్చే మనుషులతోనే చిక్కంతా.

సిగ్నలు ఇంకో పది నిమిషాలుంటుందనగా శేషుకుమారి ఫోను చేసింది. ఆయన భార్య, సిడ్నీలో స్కోఫీల్డ్స్‌లో కూతురితో ఉంటుంది, పసిపిల్లల సెంటర్లో పని. పదకొండేళ్ళుగా ఆయన ఇక్కడ, వాళ్ళక్కడ. మారుమూల పనిచేస్తే వచ్చే వీసా పాయింట్ల కోసం ఎడారికి వచ్చినవాళ్ళంతా పని కాగానే సామాను సర్దుకుని పోయారు. ఈయన పోలేదు. ఎందుకు పోలేదో ఆవిడకి ఎన్నోసార్లు చెప్పబోయి మానుకున్నాడు. సిడ్నీలో రెస్టారెంట్లో నాలుగేళ్ళు గిన్నెలు తోమాడు. అక్కడ ఆయన్ని చూసి ఎవరూ గేటు దాకా ఎదురొచ్చింది లేదు. ఇక్కడ కొత్త టాంకు బండిలో కనిపిస్తే పిల్లలు వెంట పరుగెత్తుకొస్తారు. ఈ మాట పెళ్ళానికి ఏ మొహంతో చెప్తాడు?

ఆవిడ ఇవాళ తగువు మొదట్నించీ మొదలెట్టలేదు, చివరికే వచ్చేసింది.

"ఈ నెలాఖరుకి రాకపోతే ఇంక రానక్కర్లేదండీ. అక్కడే ఉండి ఆ ఎడారికి స్నానాలు చేయించండి."

వెనకనుంచి కూతురు తేజస్విని ఇంగ్లీషులో అరిచింది, వస్తే రమ్మను గానీ హాట్ వాటర్ జోలికి మాత్రం రావద్దని చెప్పమని. దానికి పదిహేనేళ్ళు, తెలుగు అర్థమవుతుంది, నోటికి రాదు. వెళ్ళిన ప్రతిసారీ ఈయన పొద్దున్నే స్నానం చేసి వచ్చి మీటరు పెట్టె దగ్గర వేణ్ణీళ్ళ స్విచ్చి ఆపేస్తాడు. ఆపినట్టు ఆయనకే తెలీదు. సబ్బు నురగతో చన్నీళ్ళ కింద నిలబడి ఆ పిల్ల పెట్టే కేకలు స్కోఫీల్డ్స్ వీధి వీధంతా విన్నదే.

ఇది ఆయన తప్పు కాదు, అమలాపురం తప్పు. ఇంటర్ చదివే రోజుల్లో వాళ్ళింటికి గీజరు వచ్చింది. వీధిలో అదే మొదటిది. బాత్రూంలోంచి బయటికొచ్చినవాడు తల తుడుచుకునే ముందు స్విచ్చి ఆపాలి. ఆపకపోతే గీజరు పేలిపోతుందనీ, కరెంటువాడు ఇల్లు రాయించుకుంటాడనీ తల్లి భ్రమరాంబ గట్టి నమ్మకం. 'అన్నం తిన్నావా' అనే మాట కన్నా 'ఒరే సత్తీ, గీజరు ఆపావా' అనే మాటే ఆ ఇంట్లో ఎక్కువ వినిపించేది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. కొడుకు చెయ్యి ఇంకా ఆవిడ మాట వింటూనే ఉంది. పోయినేడు పోలీసు క్వార్టర్లో కొత్త టాంకు పెట్టి, పరీక్షించి, బయల్దేరేముందు ఆపేసి వచ్చాడు. గంటలో పోలీసు ఫోను, సాయంత్రానికి మొదటి వార్నింగు. బండి ఇసకలో కూరుకుపోయి ఒక రోజు ఆలస్యమైనందుకు రెండోది. మూడోది వస్తే ఉద్యోగం ఉండదని ఆఫీసులో మేనేజరు బ్రెట్ చెప్పాడు. బ్రెట్‌కి ముప్ఫై రెండేళ్ళు. పైపు చేత్తో పట్టుకున్నవాడు కాదు.

ఇవాళ్టి పని ఒక్కటే. పద్నాలుగో నంబరు ఇల్లు, కొత్త టాంకులో వేణ్ణీళ్ళు రావటం లేదు. ఎనిమిది రోజుల కింద తనే పెట్టిన టాంకు.

ఊరు చేరేసరికి పదిన్నర. ముప్ఫై ఇళ్ళు, ఒక కొట్టు, ఒక క్లినిక్కు, ఒక ఫోను టవరు, మధ్యలో ఎవరూ ఆడని బాస్కెట్‌బాల్ కోర్టు. పద్నాలుగో ఇంటి గేటు దగ్గర ఐవీ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. డెబ్బై దాటిన ముసలామె, ఆ నేల ఆదివాసి, ఆ ఊరి పెద్ద. మగవాళ్ళ కోటు, ఊలు టోపీ, మోకాళ్ళ మీద కంబళి. చేతుల చర్మం చలికి పగిలి గీతల్లో నెత్తురు ఎండి ఉంది. ఇంగ్లీషు ఆమెకి నాలుగో భాష, ఆయనకి రెండోది. తిట్లకి ఆ మాత్రం చాలు.

"నీ పెట్టె చచ్చింది. నా డాంకీ ఏది?" అంది.

డాంకీ అంటే గాడిద కాదు. ఇనప డ్రమ్ము ఇటుకల మీద ఎత్తిపెట్టి, కింద కట్టెలతో మంటపెట్టి నీళ్ళు కాచుకునే ఏర్పాటు. మన కాగు లాంటిదే. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంటి వెనక నల్లగా మసిబారి నిలబడి, ఏ కార్డూ అడక్కుండా వేణ్ణీళ్ళిచ్చింది. పాతది ఉంచితే కొత్తది వాడరని కంపెనీ రూలు. అందుకని ఆ రోజు దాన్ని గొలుసు కట్టి లాగి బండిలో వేసుకుపోయింది ఈయనే.

ఆయన నవ్వబోయాడు. ఆమె మొహం చూసి మానేశాడు. పిల్లలెవరో స్విచ్చి ఆపేసి ఉంటారని అన్నాడు. అనటం తేలిక, అన్ని ఊళ్ళలోనూ అదే అంటారు. ఐవీ లేచింది. లేవటానికి చాలాసేపు పట్టింది. కర్రతో దారి చూపిస్తూ ఇంటి వెనక్కి తీసుకెళ్ళి టాంకు పక్కన గోడ మీది స్విచ్చి పెట్టెని కర్రతోనే కొట్టి చూపించింది. చూడు, పిల్లల పని అయితే చూపించు అంది.

పెట్టె మూత మీద కాగితపు సీలు ఉంది. మూత తీస్తే చిరిగే సీలు. చిరగలేదు. దాని మీద తేదీ, ఎనిమిది రోజుల కిందటిది. తేదీ కింద సంతకం, ఆయనది. పిల్లలు ముట్టుకోకుండా అని తన చేత్తో తనే వేసిన సీలు. చింపి మూత తీశాడు. లోపల స్విచ్చి కిందికి ఉంది, ఆపేసి.

ఆ రోజు మూడు గంటలు నడిపి, నీళ్ళు కాగాక వేలు పెట్టి చూసి, పనిముట్లు సర్దుకుని, బయల్దేరేముందు ఆపేశాడు. ఆపి మూత పెట్టాడు. మూత పెట్టి సీలు వేశాడు. ఎంత శ్రద్ధగా చేశాడో. ఛీ, ఇదేం బతుకురా, చచ్చిన తల్లి మాట విని బతికున్నవాళ్ళని చలికి వదిలేశావు అనుకున్నాడు.

స్విచ్చి పైకెత్తాడు. ఫాను తిరగటం మొదలెట్టింది.

"నేనే ఆపేశాను" అన్నాడు.

ఐవీ కర్ర గోడకి ఆనించింది. తర్వాత ఒక్కొక్క రోజూ చెప్పుకొచ్చింది. రెండోరోజు తెల్లారుజామున బకెట్లో నీళ్ళు గడ్డకట్టాయి. నాలుగోరోజు చిన్న మనవరాలి ఒంటి మీద పుళ్ళు లేచాయి. పిల్లకి స్నానం చేయించవా అని క్లినిక్కు నర్సు, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, నలుగురిలో అడిగింది. ఐవీ జీవితంలో అలాంటి మాట పడలేదు. కంపెనీ నంబరుకి ఐదుసార్లు ఫోను చేయించింది, ఐదుసార్లూ పాట వినిపించారు, ఆరోసారికి గానీ మనిషి పలకలేదు. పోలీసుకి గంటలో పలికిన నంబరే అది. ఆయన తల వంచుకుని విన్నాడు. వినక చేసేదేముంది.

"ఆ రోజు నన్ను ఆంటీ అన్నావు. ఎందుకన్నావు?"

"మాలో పెద్దవాళ్ళని అలాగే అంటాం."

"ఊరికేనా?"

ఆయన స్విచ్చి పెట్టె మూత మూశాడు. ఊరికేనే. స్కోఫీల్డ్స్‌లో పక్కింటావిడ ఆంటీ, కొట్లో కరివేపాకు తూచే ఆవిడ ఆంటీ, గుడి దగ్గర కారు అడ్డం పెట్టినావిడ కూడా ఆంటీయే. ఆ మాట జేబులో చిల్లరలా వాడేస్తారు.

"మాలో ఊరికే అనం" అంది ఐవీ. "అన్నవాడు కట్టెలు తెస్తాడు, ముసలిదాన్ని కనిపెట్టుకుని ఉంటాడు. డ్రమ్ము కంపెనీ అడిగితే ఇచ్చేదాన్ని కాదు. ఆంటీ అన్నావని ఇచ్చాను."

ఆ మాట ఆయనకి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. నీళ్ళు కాగటానికి ఎలాగూ మూడు నాలుగు గంటలు పడుతుంది. పో, కట్టెలు తే అంది ఐవీ. ఈ పెట్టె మళ్ళీ ఆగితే చలిమంటైనా ఉండాలిగా.

బండి వేసుకుని వెళ్ళాడు. ఊరి బయట ఎండిన ముల్గా చెట్ల కొమ్మలు విరిచి, కోసి, బండి వెనక నింపాడు. ఇనుములాంటి కట్టె. చిన్న రంపం తప్ప ఏమీ లేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. రెండు దఫాలు తెచ్చి గోడవారన పేర్చాడు. ఐవీ చూసి, పచ్చివి కలిపావని రెండు కొమ్మలు తీసి అవతల పారేసింది. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

ఒంటిగంటకి కొట్టు దగ్గర బండిలో కూర్చుని కంపెనీ ఇచ్చిన పలకలాంటి కంప్యూటరు తీశాడు. వేణ్ణీళ్ళు ఆగటానికి కారణం నొక్కితే గానీ పని ముగిసినట్టు కాదు. నాలుగు గళ్ళు: తయారీ లోపం, ఉప్పునీటి గార, అద్దెకున్నవాళ్ళ తప్పు, అమర్చినవాళ్ళ తప్పు. ఇంతలో బ్రెట్ ఫోను. విషయం విన్నాడు. తిట్టలేదు, అదే ఆశ్చర్యం. మూడోది నొక్కు శాట్, అందరూ నొక్కేది అదే, నీ ఉద్యోగం నీకుంటుంది, నా పథకం నాకుంటుంది అన్నాడు. వాడి గొంతులో దయ కూడా ఉంది.

మూడోది నొక్కితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. ఆ మాట ఒకసారి రికార్డుకెక్కితే పద్నాలుగో ఇల్లు మరమ్మతుల వరుసలో అట్టడుగుకి పోతుంది. ఈసారి నిజంగా చెడితే ఎనిమిది రోజులు కాదు, ఎనిమిది నెలలు. నాలుగోది నొక్కితే ఏమవుతుందో కూడా తెలుసు. మూడో వార్నింగు. సిడ్నీలో ఈ వయసులో ఎవరు పనిస్తారు? పనిలేని మొగుడు ఇంట్లో కూర్చుంటే శేషుకుమారి మొహం ఎలా ఉంటుందో కళ్ళకి కట్టింది. వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడంటారు. వాళ్ళ కాపురంలో రెండూ వేరే వేరే ఊళ్ళలో ఉండిపోయాయి, ఇన్నాళ్ళూ అందుకే పొంగకుండా నడిచింది. ఇక కలవాలి, కలిస్తే ఎలా ఉంటుందో అని భయమేసింది. నిజంగానే భయమేసింది. చాలాసేపు నల్లగోరు వేలు మూడో గడి మీదే ఆడింది.

ఊరికే అనం, అంది ముసలిది.

నాలుగోది నొక్కాడు.

మూడింటికి నీళ్ళు కాగాయి. ఐవీ పంపు కింద పగిలిన చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి అలాగే ఉంచింది. చిన్న మనవరాలిని బాత్రూంలోకి తోసింది. లోపల్నుంచి నీళ్ళ చప్పుడు, పిల్ల అరుపులు, ఆవిరి. ఐవీ థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్తుంది?

బ్రెట్ రెండోసారి చేసినప్పుడు ఆయన గేటు బయట ఉన్నాడు. మాట్లాడింది రెండు నిమిషాలు. సాయంత్రం బండి, తాళాలు డిపోలో అప్పగించు, రేపట్నుంచి రానక్కర్లేదు అన్నాడు. ఒకే రోజు రెండు ఊళ్ళనుంచి ఒకే మాట. ఆయన సరే అన్నాడు.

ఐవీ గేటు దాకా వచ్చింది. మళ్ళీ ఎప్పుడొస్తావు అంది. ఆ గొంతులో ప్రేమేం లేదు, లెక్క అడిగినట్టే ఉంది. ఆయన తల పక్కలకి ఊపాడు, అవునని కాదు కాదని కాదు, గోదావరి వాళ్ళు ఊపినట్టు. ఐవీ దాన్ని అవుననుకుంది.

"వచ్చేటప్పుడు ఎండు కట్టెలు తే" అంది. "పచ్చివి తేకు."

"సరే ఆంటీ" అన్నాడు. బండెక్కి వెనక్కి చూడకుండా పోయాడు.

ఇంటి వెనక హీట్ పంపు తిరుగుతూనే ఉంది. గోడ మీది స్విచ్చి పెట్టె మూతకి, పొద్దున కట్టెలకి వెళ్ళేముందు ఆయన అంటించిన తెల్ల టేపు ముక్క ఫాను గాలికి ఒక మూల లేచి అల్లాడుతోంది. మూడు నెలల తర్వాత తనిఖీకి వచ్చినప్పుడు తన చెయ్యి చదువుకోవాలని నల్ల మార్కరుతో పెద్ద పెద్ద తెలుగక్షరాల్లో రాశాడు దాని మీద: ఒరే సత్తీ, ఆపకు.