మెగ్నీషియం మూత మీది రెండు చుక్కలు

పొద్దున్నే ల్యాబ్ తెరిచి సీసాలు తుడవడం ఆయా పని. మూతల మీద వెలుగు చుక్కలు కూర్చుని ఉండేవి. సోడియం మీద ఒకటి, మెగ్నీషియం మీద రెండు, అల్యూమినియం మీద మూడు. ఎవరికిచ్చి వదిలించుకుందామా అని లోహాలు చూసే చివరి కక్ష్య ఎలక్ట్రాన్లు అవే. "జరగండర్రా, మీకేం పనీ పాటా లేదా!" అని ఆయా గుడ్డతో తోసేది. గుడ్డ తీయగానే మళ్ళీ వచ్చి కూర్చునేవి.

ఆ రోజు ప్రాక్టికల్ పరీక్ష. అందరూ మొండిఘటం అని పిలిచే పిల్ల పోయినసారి తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పించి తన కొట్లో కూర్చోబెడతానని బావ గేటు దగ్గరే కాపలా కాశాడు. అక్క ఎంత బతిమాలినా వినలేదు, మహానుభావుడు!

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్, పింగాణీ మూసలో, అదే క్రూసిబుల్‌లో, మెగ్నీషియం రిబ్బన్ పెట్టి కాల్చమన్నాడు. పిల్ల మూత కాస్త వారగా పెట్టి, ఆ సందులోంచి చూస్తూ కాల్చి, తయారైనవి కాగితం మీద రాసింది.

"ఏం తయారైంది?"

"ఆక్సైడ్ సార్. మెగ్నీషియం రెండు చుక్కలిస్తుంది, ఆక్సిజన్‌కి తక్కువైనవీ రెండే. ఒకటికి ఒకటి. ఇంకా నైట్రైడ్ కూడా."

ఎగ్జామినర్ నవ్వాడు. "నైట్రోజన్ ఒట్టి బద్ధకం సరుకమ్మా, కదలదు. నా దగ్గరున్న జవాబు ఒక్కటే. నైట్రైడ్ కొట్టెయ్, పాస్ చేస్తా."

"కొట్టెయ్యను సార్."

"అయితే ఫెయిలే."

కిటికీలోంచి బావ కనిపిస్తున్నాడు. పిల్లకి భయమేసింది, అంతకు మించి ఒళ్ళు మండింది. "నా కళ్ళతో చూశాను సార్. లోపలి గాలిలో ఆక్సిజన్ తగ్గాక చుక్కలు నైట్రోజన్ దగ్గరికెళ్ళాయి. దానికి తక్కువైనవి మూడు. మూడు మెగ్నీషియాలు కలిసి ఆరు చుక్కలిస్తే, రెండు నైట్రోజన్లకి సరిపోయాయి. లేదని ఎలా రాయను?"

"ఆ చుక్కలు రోజూ అందరూ చూసేవేగా!"

"లెక్కపెట్టారా మరి?"

ఆయా నవ్వాపుకోలేక గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది.

పిల్ల బూడిదలో కాసిని నీళ్ళు పోసి, వేడిచేసి, మూసను ఆయన ముందుకు జరిపింది. "వాసన చూడండి."

"అక్కర్లేదు."

"అయితే నేనిక్కణ్ణుంచి కదలను."

వెనక వరస పిల్లలు అప్పుడే గొణుగుతున్నారు. చివరికి ఆయనే వంగాడు. అమ్మోనియా ఘాటు ముక్కుకెక్కి కళ్ళనీళ్ళు తిరిగాయి. నీళ్ళు తగిలితే అమ్మోనియా వదిలేది నైట్రైడే. నైట్రోజన్ కదలకపోతే అది ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది! ఆయన కళ్ళు తుడుచుకుని, పాస్ అని రాశాడు.

గేటు దగ్గర బావ స్కూటర్ స్టార్ట్ చేశాడు. "పద, కొట్టుకి ఆలస్యమైపోతోంది."

"నీ కొట్లో నువ్వే కూర్చో బావా," అంది పిల్ల. "నేను చదువుకుంటాను."