వాకుడు మందు

సంపూర్ణమ్మ చేసే వాకుడు మందు భీమవరం చుట్టుపక్కల నాలుగూళ్లలో అందరికీ తెలుసు. నేలవాకుడు కాయలు దంచి, ఆ రసాన్ని కొబ్బరినూనెలో కాచి, కాస్త తేనెమైనం వేసి చల్లార్చేది. నాట్లు వేసే ఆడవాళ్లకి మెడ కమిలినా, రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్లకి వీపు పొట్టు లేచినా ఆవిడ దగ్గరికే వచ్చేవారు.

తొంభై ఆరు వేసవిలో సత్తియ్య వచ్చాడు. పల్లంరాజు గారి చెరువుకి కాపలా ఉండేవాడు. పుట్టుకతోనే ఒళ్లంతా తెలుపు, కనురెప్పల వెంట్రుకలతో సహా. కాసేపు ఎండలో ఉంటే చాలు, చర్మం ఎర్రగా పొంగేది. చేలన్నీ చెరువులయ్యాక గట్ల మీద నిలబడటానికి నీడ కూడా లేదు.

అతని ఎడమ చెవి అంచున శనగగింజంత పుండు ఉంది. మూడు నెలలుగా మానలేదన్నాడు. సంపూర్ణమ్మ వేలితో తాకి చూసింది. అంచులు గట్టిగా తగిలాయి. ఇది ఉత్త ఎండకి కమిలిన పుండు కాదేమోనని అనుమానం వచ్చింది. కానీ అతను అప్పటికే మందు డబ్బా కోసం చెయ్యి చాపి ఉన్నాడు. ఇచ్చేసింది.

నెల తిరిగేసరికి పుండు ఎండి పలచటి చర్మం కమ్మింది. సత్తియ్య సైకిలు మీద ఊరూరా తిరిగి, చెవి చూపించి మరీ ఆమె పేరు చెప్పాడు. ఆమె మురిసిపోయింది. తన అనుమానం సంగతి మరిచిపోయింది.

దసరా వెళ్లాక అతని మెడలో గడ్డ తేలింది. రాజుగారే కారులో రాజమండ్రి తీసుకెళ్లారు. పైన చర్మం కమ్మినా లోపల క్యాన్సరు పెరుగుతూనే ఉందని, వేసవిలోనే వచ్చి ఉంటే చెవి అంచు కోసేస్తే సరిపోయేదని అక్కడి డాక్టరు చెప్పారట.

సంక్రాంతి ముందు సంపూర్ణమ్మ అతన్ని చూడటానికి వెళ్లింది. మనిషి మంచానికి అంటుకుపోయాడు.

"కొంచెం రాయండి పిన్నిగారండి. చల్లగా ఉంటది" అన్నాడు, తలగడ పక్కనున్న మందు డబ్బా చూపించి.

"దాంతో తగ్గదురా సత్తియ్యా. ఆ రోజే నాకు అనుమానం వచ్చింది. నీకు చెప్పలేదు."

అతను కళ్లు మూసుకున్నాడు. అలాగే చెవి ఆమె వైపు తిప్పాడు. ఆమె రాసింది. నాలుగో రోజు పోయాడు.

సంపూర్ణమ్మ మందు కాచే గిన్నెను కాలవలో పడేసింది. అయినా ఇంట్లో వాకుడు వాసన పోలేదు. ఫాల్గుణం నుంచి మిట్టమధ్యాహ్నం వేళ అతను కనిపించడం మొదలైంది. నెత్తిన తువ్వాలైనా లేకుండా, చెరువు గట్టు మీద, ఎడమ చెవి ఆమె వైపు తిప్పి నిలబడేవాడు. పక్కవాళ్లని అడిగితే గట్టు మీద ఎవరూ లేరనేవారు.

మూడేళ్ల తర్వాత సత్తియ్య అక్క బుల్లెమ్మ కూతుర్ని తీసుకొచ్చింది. ఆ పిల్ల పేరు పాపాయి, ఒంటి రంగు మేనమామ తెలుపే. కింది పెదవి మీద పుండు. వాకుడు మందు కావాలని బుల్లెమ్మ అడిగింది. తమ్ముడి చివరి రోజుల్లో దానివల్లే కాస్త హాయిగా ఉండేదని చెప్పింది.

సంపూర్ణమ్మ చూపు తిప్పుకుంది. గడపలో ఎండ పడుతోంది. అందులో పలచటి నీడొకటి కదిలినట్టనిపించింది.

"మందు లేదమ్మా, ఉన్నా ఇవ్వను. మీ తమ్ముడికిచ్చి తప్పు చేశాను. పద, కాకినాడ పెద్దాసుపత్రికి బస్సెక్కుదాం" అంది.

బుల్లెమ్మ ఆమె మొహంలోకి చూసింది. పాపాయి చెయ్యి పట్టుకుంది. ముగ్గురూ అప్పటికప్పుడు బయల్దేరారు.

ఆసుపత్రిలో పుండు కోసి తీసేశారు. ఇంకా లోపలికి పాకలేదన్నారు. పదిరోజులు సంపూర్ణమ్మ పాపాయి మంచం పక్కనే ఉంది. ఇక సత్తియ్య కనిపించడనుకుంది.

తిరిగొచ్చి బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నమైంది. అతను గట్టు మీదే ఉన్నాడు. ఆమె దగ్గరికి నడిచింది.

"పాపాయికి బాగానే ఉంది సత్తియ్యా. నువ్వింక వెళ్లు నాయనా."

అతను కదల్లేదు. ఆమె కూడా ఆ ఎండలోనే చాలాసేపు నిలబడిపోయింది.