కొడుకు గెలిచిన ఇస్తాంబుల్

రొయ్యల మేత అమ్మే డీలర్లకి కంపెనీలు ఏటా విదేశీయాత్ర బహుమతిగా ఇస్తాయని మా భీమవరంలో ఎవరినడిగినా చెబుతారు. టార్గెట్ దాటితే మొగుడూ పెళ్ళాలకి చెరో టికెట్టు. మా గణేష్‌బాబు ఈసారి ఇస్తాంబుల్ గెలిచాడు. గెలిచానని ఇంటిల్లిపాదికీ స్వీట్లు పంచాడు. ఆ వారంలోనే మా రొయ్యల చెరువు గట్టు మీద మోటారు స్విచ్చు వెయ్యబోయి కరెంటు కొట్టి పోయాడు. నా కొడుకు. ఒక్కగానొక్కడు.

కొన్ని నెలలు పోయాక కంపెనీ మేనేజరు జగన్నాథరావు మా ఇంటికొచ్చాడు. "మీరూ కోడలుగారూ వెళ్ళిరండమ్మా. బాబు కష్టార్జితం, పోగొట్టుకోకూడదు," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పోయినవాడి టికెట్టు మీద ఊరేగమంటారేంటండీ? నలుగురూ ఏమనుకుంటారు?" అని మొహం మీదే అడిగేశాను. పాపం, ఆయన కాఫీ కూడా తాగకుండా లేచాడు.

మర్నాడు నేనే ఫోను చేసి వస్తామన్నాను. ఎందుకంటే, మా కోడలు హారతికి వాళ్ళ నాన్న మళ్ళీ సంబంధం చూశాడు. తణుకులో బ్యాంకు ఉద్యోగం, విడాకులైన కుర్రాడు. హారతి అవుననలేదు, కాదనలేదు. ఆలోచించుకుని చెబుతానందట. ఇంట్లో గట్టిగా అడుగుదామంటే మా ఆయన వెంకటరాజుగారు అడ్డం. "దాని బతుకు దాన్ని చూసుకోనీ మాణిక్యం," అంటారు. ఆయనకేం, పొద్దున లేస్తే చెరువుల మీదకి పోతారు. ఇంట్లో నాకు మిగిలింది ఆ పిల్లొక్కతే. గణేష్‌బాబుకి పెసరట్టులో ఉల్లిపాయ గిట్టదనీ, నిద్రలో దుప్పటి తన్నేస్తాడనీ, కోపమొస్తే పళ్ళు తోముకుంటూ కూర్చుంటాడనీ తెలిసినవాళ్ళం ఈ భూమ్మీద ఇద్దరమే. ఆ రెండోది కూడా వెళ్ళిపోతే నేనెవరితో చెప్పుకోను? పరాయి దేశంలో ఒకే గదిలో ఉంటాం కదా, ఎక్కడికీ పోనని మాట పుచ్చుకుని మరీ తిరిగొద్దామనుకున్నాను. ఊరు చూడాలని కాదు. నాకు ఊళ్ళు చూసే మనసెక్కడిది?

వెళ్ళింది మొదలు ఆ మాట అడగడానికి సందు దొరికితే ఒట్టు. బస్సు నిండా జంటలు, ముందు సీట్లో జగన్నాథరావు. మేమిద్దరమే అత్తాకోడళ్ళం. ఆకివీడు డీలరు రమేష్ బాబు భార్య వెంకటదుర్గ అని ఒకావిడ ఉంది. మంచిదే కానీ గమ్ములా పట్టుకుంటుంది. మేమిద్దరం ఎక్కడ కూర్చుంటే అక్కడికి జంతికల డబ్బాతో ప్రత్యక్షం. "ఆయ్, పిన్నిగారూ, తీసుకోండి, మొహమాటపడకండి," అంటుంది. మమ్మల్ని ఒంటరిగా వదిలితే ఏడుస్తామని ఆవిడ భయం. రాత్రి గదికి చేరేసరికి హారతి మంచానికి అడ్డంపడి నిద్రపోయేది.

ఊరు పెద్దదే, కాదనను. సముద్రం ఊరి మధ్యలోంచి పోతుంది. ఇటుపక్క ఒక ఖండమట, అటుపక్క ఇంకో ఖండమట. మా నరసాపురం రేవులో గోదారి దాటే పంటు ఎక్కినట్టు జనం గబగబా ఓడలెక్కి ఖండం దాటేసి ఆఫీసులకి పోతున్నారు. గైడు ఇంగ్లీషులో చెబుతుంటే హారతి నా చెవిలో తెలుగు చేస్తోంది. ఒక పెద్ద గుమ్మటం కింద నిలబెట్టి, ఇది ముందు చర్చి, తర్వాత మసీదు, ఆ తర్వాత మ్యూజియం, ఇప్పుడు మళ్ళీ మసీదు అని చెప్పింది.

"ఇన్నిసార్లు మారడమేంటే, చోద్యం కాకపోతే! దేనికో ఒకదానికి కట్టుబడి ఉండక్కర్లా?" అన్నాను.

హారతి తెలుగు చెయ్యడం ఆపేసింది. నేను దాన్ని ఉద్దేశించి అనలేదు. కానీ అది అలాగే అనుకుందని నాకు తెలిసిపోయింది. సర్దిచెప్పబోతే ఇంకా పాడవుతుందని నోరు మూసుకున్నాను.

ఓడ మీద కాస్త చల్లబడ్డాక, "తణుకు వాళ్ళ సంగతి..." అని ఎత్తుకున్నాను. జంతికల డబ్బా వచ్చేసింది.

ఆఖరి రోజు నీలం పలకల మసీదుకి తీసుకెళ్ళారు. గుమ్మంలో చెప్పులు విప్పించి, ఆడవాళ్ళంతా తల కప్పుకోవాలన్నారు. నేను చీర కొంగు కప్పుకున్నాను. హారతి చలికి స్వెట్టరు, ప్యాంటు వేసుకుంది. చున్నీ లేదు. అక్కడ ఒకతను ఇంత పొడుగు తెల్లగుడ్డ తీసి దాని చేతిలో పెట్టాడు. నేను పైన దీపాల గుత్తులు చూస్తూ ముందుకెళ్ళిపోయాను.

వెనక్కి తిరిగేసరికి హారతి స్తంభం పక్కన తివాచీ మీద కూర్చుని ఉంది. మోకాళ్ళు ముడుచుకుని, తల వంచుకుని. తెల్లగుడ్డ నుదుటి మీంచి కిందకి జారి మొహం కనిపించడం లేదు.

ఇక నాకు మసీదు లేదు, ఇస్తాంబుల్ లేదు. మా సావిట్లో పదో రోజు ఇది ఇలాగే కూర్చుంది. గాజులు తీసేశాక వాళ్ళ పుట్టింటివాళ్ళు తెచ్చిన తెల్లచీర తల మీంచి కప్పారు. ఊళ్ళో ముసలమ్మలు ఒక్కొక్కరే వచ్చి ముసుగు ఎత్తి చూసి పోయారు. మళ్ళీ ఈ పిల్ల మీద అలాంటి గుడ్డ పడనివ్వనని ఆ రోజే పళ్ళు కొరుక్కున్నాను. పరుగున వెళ్ళి ఆ గుడ్డ పట్టుకుని ఒక్క లాగు లాగాను.

"తియ్యవే! తీసెయ్ అంటుంటే! ఎవడే నీకిది కప్పింది?"

నా గొంతు ఆ గుమ్మటం కింద అంతెత్తున లేచింది. నమాజు చేసుకుంటున్నవాళ్ళు తిరిగి చూశారు. అక్కడి మనిషి వచ్చి తల చూపించి ఏదో అన్నాడు. నేను గుడ్డ వదల్లేదు. జగన్నాథరావు చేతులు జోడించి ఆయనకి ఏం చెప్పుకున్నాడో, మమ్మల్ని మెల్లగా బయటికి తీసుకొచ్చి ముంగిట్లో రాతిమెట్ల మీద కూర్చోబెట్టి, "మీరు తేరుకోండమ్మా, బస్సు వచ్చాక పిలుస్తాను," అని వెళ్ళిపోయాడు. ఈసారి జంతికల డబ్బా రాలేదు.

హారతి నా చేతిలోంచి ఆ గుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఏంటత్తయ్యగారూ, అందరూ వేసుకున్నారుగా," అంది.

"అందరి గొడవా నాకెందుకే? నీ తల మీద నేను చూడలేను."

దానికప్పుడు అర్థమైంది. నా చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు ముసుగులోంచి నాకు నేల ఒక్కటే కనిపించిందండీ. ఎవరెవరి కాళ్ళో వచ్చాయి, పోయాయి. మీ కాళ్ళు మాత్రం నా పక్కనే ఉన్నాయి," అంది. "మా నాన్నకి వద్దని చెప్పేస్తాను. మిమ్మల్ని వదిలేసి నేనెక్కడికి వెళ్తానండీ?"

నేను ఇంత దూరం వచ్చింది ఆ మాట కోసమే. అడగకుండానే ఇచ్చేసింది. సరే తల్లీ అంటే చాలు, నా ఇంట్లో దీపం ఉంటుంది, నా కొడుకు పేరు ఎత్తే మనిషి ఉంటుంది. సరే అనడానికి నోరు తెరిచాను కూడా. కానీ దాని ఒళ్ళో ఆ తెల్లగుడ్డ ఇంకా ఉంది. చలికి కాబోలు, ఒక కొస చేతికి చుట్టుకుంది. పెళ్ళికెళ్తే వెనక వరసలో, పేరంటానికి పిలుపు లేకుండా, నేను పోయాక ఆ ఇంట్లో ఒక్కర్తీ. ముప్పై కూడా నిండలేదు దానికి.

"నోర్ముయ్," అన్నాను. "ఊరు దిగగానే మీ నాన్నకి సరేనని చెప్పు."

"మరి మీరో?"

"నీకైతే మీ నాన్న మొగుణ్ణి వెతికి తెచ్చాడు. నాకు కొడుకుని ఎవరు వెతుకుతారే? ఎక్కడని వెతుకుతారు? దొరకనిదాని కోసం నేనొక్కదాన్ని కూర్చుంటే చాలు. నువ్వెందుకు?"

ఇద్దరం ఏడ్చాం. ఇంట్లో ఎవరి గదిలో వాళ్ళం తలుపేసుకుని ఏడ్చిన మనుషులం, అంతమంది టూరిస్టుల మధ్య ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళం పడి ఏడ్చాం. ఎవరో ఫోటో కూడా తీసుకున్నారు. తీసుకుంటే తీసుకోనీ.

కళ్ళు తుడుచుకుని నేనే మళ్ళీ మొదలెట్టాను. నా నోరు ఊరుకోదు కదా. "అక్కడికెళ్ళాక ఆ కుర్రాడి తల్లిని నోరారా అత్తయ్యగారూ అని పిలువు. నాలాగా నోటిదురుసుది కాకుండా ఉంటే బావుణ్ణు. ఆ పిలుపు ఇక ఆవిడదే. ఫోను చేసినా, ఎక్కడైనా కనబడినా నన్నలా పిలవకు. ఆ పిల్లాడికీ బాగుండదు, వాళ్ళమ్మకీ బాగుండదు."

హారతి నా మొహంలోకి చూసింది. "అయితే మిమ్మల్ని ఏమని పిలవనండీ?"

అమ్మా అందామంటే దానికి అమ్మ ఉంది, దుక్కలాంటి మనిషి. పిన్నీ కాను, పెద్దమ్మనీ కాను. మాణిక్యంగారూ అంటే మేత బస్తాల కోసం వచ్చినవాళ్ళు పిలిచినట్టుంటుంది. దూరం నుంచి జగన్నాథరావు బస్సొచ్చిందని చెయ్యి ఊపుతున్నాడు. జంటలన్నీ నడుస్తున్నాయి. హారతి లేవలేదు.

"చెప్పండి, అత్తయ్యగారూ," అంది మళ్ళీ.