ఆటో నంబరే ముందు

"చాయ్‌ల చక్కెర తక్కువెయ్యి, రామ్మోహనన్నకు షుగరున్నది" అన్నాడు సంజీవ, వంటింటి గడప దగ్గర నిలబడి. అతని భార్య శశికళకు ఆ సంగతి తెలుసు. సకల జనుల సమ్మె మొదలైన నాటి నుంచి కొడకండ్లలో వాళ్లింటి ముందరి గదే ఉద్యమ కమిటీకి ఆఫీసు. ఎవరికి షుగరో, ఎవరికి అల్లం పడదో ఆమెకు కంఠతా వచ్చు. కమిటీ వెబ్‌సైటును నడిపేది ఎవరో మాత్రం సంజీవకు తప్ప వాళ్లలో ఒక్కరికీ తెలియదు; అతనే అనుకుంటారు.

నడిపేది ఈమె. వరంగల్లులో ఎంసీఏ చదివి, "మా ఇంటి కోడలు కొలువు చేసుడేంది" అన్న అత్తగారి ఒక్క మాటకు సర్టిఫికెట్లను బీరువాలో పెట్టిన మనిషి. సైటులో వెతుక్కోవడానికి ఒక సెర్చ్ ఇంజన్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ పెట్టెను తెచ్చి అమర్చింది. అది చూపించే ఫలితాలు చూస్తే ఒళ్లు మండింది. బస్సులు బందై జనం అల్లాడుతుంటే, దవాఖాన అని కొట్టిన వాళ్లకు దవాఖానలో పండ్లు పంచిన నాయకుల ఫోటోలు వస్తున్నాయి. నొప్పులు పడే ఆడమనిషి ఆ ఫోటోలు చూసి ఏం చేసుకోవాలి?

అందుకే కోడ్ రాసింది. ఫలితాలు తెర మీదికి రాకముందే పట్టుకుని, ఫోటోలను అడుక్కి తోసి, తెరిచి ఉన్న దవాఖానలనూ తిరిగే ఆటోలనూ పైకి తెచ్చి, ఒక్కోదాని కింద ఫోన్ నంబరు కనబడేలా చేసింది. పప్పు ఉడికేలోపు రెండు వరుసలు, అత్తగారు కునుకు తీసే వేళ పది వరుసలు. ఆమె ఓపికకు దండం పెట్టాలి.

అయినా ఒక తప్పు దొర్లింది. వాళ్ల చేలో కలుపు తీయడానికి వచ్చే గోరీ చెప్పింది: "మా తండా పేరు కొడ్తె ఏం వస్తలేదట అక్కా." శశికళ అన్నీ పంచాయతీల పేర్ల మీద ఎక్కించింది. తండా వాళ్లు తమ ఊరిని పిలుచుకునేది పెద్దమనిషి పేరుతో. హీరాలాల్ తండా అంటే ఆ జాబితాలో ఎక్కడా లేదు. ఆమెకు సిగ్గేసింది. గోరీని పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకుని, ఆమె చెబుతుంటే నలభై తండాలను వాటి పంచాయతీలకు జతచేసింది.

నాలుగోనాడు గోరీ కోడలు జమ్లీకి నొప్పులొచ్చాయి. తండా పేరు కొట్టగానే ఆటో నంబరు దొరికింది. జనగామ దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు విని శశికళ సంతోషం పట్టలేక ఏడ్చేసింది. పెళ్లయిన తొమ్మిదేళ్లకు తన చదువు ఒకరికి అక్కరకొచ్చింది.

ముందరి గదిలో కమిటీ పెద్ద రామ్మోహన్ అంటున్నాడు: "సంజీవ మస్తు తెలివిగల్లోడు, అంత తనే రాసిండు. గని తమ్మీ, మన ఫోటోలు మూడో పేజీకి పోయినయి. రేపు పెద్ద లీడర్లొస్తున్నరు. జర మీదికి తే."

"గదెంత పనన్నా" అన్నాడు సంజీవ. వెంటనే వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. "శశీ, ఫోటోలు మీదికి తే. ఆటోలు కిందికి పోతె పోనీ."

శశికళ చాయ్ తీసుకెళ్లి అందరికీ అందించింది. మళ్లీ లోపలికి వెళ్లి లాప్‌టాప్ తెచ్చి, కోడ్ తెరిచి, మళ్లీ అన్నల పక్కన వచ్చి కూర్చున్న భర్త ముందు పెట్టింది.

"మీరే రాసిన్రట గద. మార్చుండ్రి, అన్నలు చూస్తున్నరు."

సంజీవ తెర వంక చూశాడు, మీటల వంక చూశాడు. చేతులు మాత్రం ఒళ్లోంచి లేవలేదు. శశికళ ఖాళీ కుర్చీ జరుపుకుని వాళ్ల మధ్యనే కూర్చుంది.

"ఆయనకు రాదన్నా" అంది రామ్మోహన్‌తో. "రాసింది నేను. ఆటో నంబర్లు కిందికి పోవు."